అన్నంలోకి కూర వేరు, ఉత్తిగా తినే కూర వేరు

కీటో అంటే అన్నం లాంటి పిండిపదార్థాలు బాగా తగ్గించి, ఒళ్లు కొవ్వు మీద నడిచేలా తినే పద్ధతి. అది మొదలుపెడదామనుకుంటున్నానక్కా అని మా కుట్టు షాపుకి వచ్చేవాళ్లు ఎవరన్నా అంటే, ఏం తినాలో చెప్పేముందు నేనడిగేది ఒకటే: "ఏ మాత్రలు వాడుతున్నావు?" చాలామందికి పేర్లు తెలియవు. "షుగర్ బిళ్లక్కా, పొద్దునొకటి రాత్రొకటి" అంటారు. అయితే రేపొచ్చేటప్పుడు ఆ షీటు పట్టుకురా, వెనకున్న చిన్న అక్షరాలు చదువుదాం అంటాను.

షుగర్ మాత్రలన్నీ ఒకటి కాదు మరి. నేను వేసుకునేది మెట్‌ఫార్మిన్ ఒక్కటే. దానితో అన్నం మానేసినా షుగర్ ఉన్నట్టుండి పడిపోయే భయం తక్కువ. గ్లిమిపిరైడ్ లాంటివీ, ఇన్సులినూ అలా కాదు. మనం తిన్నా తినకపోయినా వాటి పని అవి చేసుకుపోతాయి. పాత డోసు అలాగే ఉంచి అన్నం మానేస్తే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. ఇంకో రకానికి పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉంటుంది: డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. ఒక్కోసారి మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే బిళ్లగా వస్తాయి కాబట్టి చూసుకోకపోతే తెలియదు. ఇవి వేసుకుంటూ కీటో చేస్తే, కొవ్వు కరిగేటప్పుడు లివర్ తయారుచేసే కీటోన్లు హద్దు మీరిపోయి, రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ అనే ప్రమాదం రావచ్చు. మీటర్లో షుగర్ మాత్రం మామూలుగానే కనిపించవచ్చు, అదీ అందులో మోసం. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే మజ్జిగ తాగి పడుకునే పని కాదు, ఆస్పత్రికి పరుగెత్తాలి. బీపీ మాత్రల డోసు కూడా కొంతమందికి తగ్గించాల్సి వస్తుంది. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ, లివర్, పిత్తాశయం, క్లోమం జబ్బులున్నవాళ్లు సొంతంగా దీని జోలికి పోవద్దు.

మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలు చేయించుకోండి. మూడు నెలల షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ చూసే లిపిడ్ ప్రొఫైల్, కిడ్నీల కోసం క్రియాటినిన్, లివర్ పరీక్ష, యూరిక్ యాసిడ్. ముందు కాగితం లేకపోతే తర్వాత కాగితం చూసి సంతోషపడాలో కంగారు పడాలో తెలియదు.

నా సంగతి రెండు ముక్కల్లో. తెనాలిలో ఉంటాం. బ్లౌజులు కుడతాను, పొద్దస్తమానం కూర్చునే పని. యాభైకి దగ్గరపడుతుండగా షుగర్ వచ్చింది. హెచ్‌బీఏ1సీ 7.6, నడుము 38 అంగుళాలు. మా డాక్టరుగారికి చెప్పి, ఆయన సరేనన్నాకే మొదలుపెట్టాను.

ఇది కొత్తగా పుట్టిన డైట్ కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టరు మూర్ఛరోగుల కోసం ఈ ఆహారాన్ని ప్రతిపాదించి కీటోజెనిక్ అని పేరు పెట్టాడు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ డాక్టర్ల పర్యవేక్షణలో ఇస్తున్నారు. మన వైపు వీరమాచనేని రామకృష్ణ గారి ప్రసంగాలతో ఇలాంటి పద్ధతే ఊరూరా పాకింది: రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. ఆ రోజుల్లో మా షాపులో జాకెట్టు కొలతలిస్తూ కూడా కొబ్బరినూనె కబుర్లే. నాకైతే నూనె తాగడం ఒంటికి పడలేదు. కేరళవాళ్లు వంటల్లో వాడతారు గానీ, మనం తలకు రాసుకునేదాన్ని గ్లాసులో పోసుకు తాగాలంటే గొంతు దిగదు. నాకు వంటే దారి.

గిన్నెలో లెక్క

పిండిపదార్థాలు రోజుకు 20 నుంచి 50 గ్రాముల లోపు ఉంటే, చాలామందికి కొద్దిరోజుల్లో ఒంట్లో దాచుకున్న చక్కెర నిల్వ తరిగిపోయి లివర్ కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేయడం మొదలుపెడుతుంది. ఇంతకుమించి సిద్ధాంతం అక్కర్లేదు. అంకెలే కావాలి.

వండిన అన్నం 100 గ్రాములకు 28 గ్రాముల పిండిపదార్థం. మనం పెట్టుకునే కంచం 300 గ్రాములకు తక్కువ ఉండదు. అంటే ఒక్క పూటకే 84. కొర్రలు, జొన్నలు తింటే పరవాలేదుగా అని అందరూ అడుగుతారు. బియ్యం కంటే పీచు ఎక్కువ, మంచివే. కానీ అవీ వండకముందు తూస్తే 100 గ్రాములకు 60 పైనే, కీటోలోకి రావు. కందిపప్పు కూడా సగానికి పైగా పిండిపదార్థమే. ముద్దపప్పు మానడం నాకు అన్నం మానడం కంటే కష్టమైంది.

టీ సంగతి ఎవరూ లెక్కపెట్టరు. రెండు చెంచాల పంచదార, అరగ్లాసు పాలు కలిపి ఒక్క టీకి దాదాపు 15 గ్రాములు. షాపులో పొద్దున రెండు, సాయంత్రం ఒకటి తాగితే రోజు కోటా టీలోనే అయిపోతుంది. నేను పంచదార మానేసి, పాలు రెండు చెంచాలకు దించి, అల్లం బాగా దంచి వేస్తాను. మొదట్లో కషాయంలా ఉంటుంది. ఇప్పుడు ఎవరింట్లోనన్నా మామూలు టీ ఇస్తే పాయసంలా అనిపిస్తోంది.

కూరగాయల్లో దేవుడు మన పక్షానే ఉన్నాడు. బీర, సొర, దొండ, కాకర, వంకాయ, బెండ, క్యాబేజీ, కాలీఫ్లవర్, తోటకూర, పాలకూర, గోంగూర, బచ్చలి ఎంత తిన్నా గోల లేదు. ఆలు, చేమ, కంద, చిలగడదుంప, అరటికాయ వద్దు. ఉల్లిపాయ రుచికి, కూరకు గుజ్జు కోసం కాదు. పచ్చికొబ్బరిలో పీచు తీసేస్తే 100 గ్రాములకు 6 గ్రాములే. వేరుశనగలు గుప్పెడు తినొచ్చు, జీడిపప్పు మాత్రం దాచేయండి. చింతపండు గుజ్జులో సగానికి పైగా చక్కెరే, పైగా పులుసులో బెల్లం ముక్క వేసే ఇళ్లు మనవి. నేను పులుపుకు నిమ్మకాయ, గోంగూర, టమాటా, దొరికిన కాలంలో చింతచిగురు వాడతాను. బయట కూరల పాయింట్లో కొనేటప్పుడు గ్రేవీ కూరలు వద్దు. చిక్కదనానికి జీడిపప్పు ముద్దో, కార్న్‌ఫ్లోరో కలుపుతుంటారు.

కూరను మార్చాలి

ఇక్కడే మనవాళ్లు చాలామంది పదిరోజుల్లో వదిలేస్తారు. అన్నం తీసేసి, కంచంలో కూర మాత్రం పాతదే ఉంచుతారు. మన కూర అన్నం కోసం పుట్టింది. నాలుగు ముద్దలకు ఒక చెంచాడు సరిపోయేలా ఉప్పు, కారం, పులుపు దట్టించి చేస్తాం. గుంటూరు జిల్లా కారం గురించి వేరే చెప్పాలా? ఆ కూరనే గిన్నెడు ఉత్తిగా తింటే మొదటిరోజు నోరు మండుతుంది, రెండోరోజు కడుపు మండుతుంది, మూడోరోజు "నాకీ డైట్ పడలేదు" అంటారు.

నేను పెట్టుకున్న కొలత ఇది: కారం సగం, ఉప్పు మూడోవంతు తక్కువ, పులుపు నామమాత్రం, కూర మూడింతలు. ఒక్క మనిషికి ఒక్క పూటకి 350 నుంచి 400 గ్రాముల కూరగాయ తరగాలి. ఇంట్లో మిగతా నలుగురికి కారం వేసి చేసిన గిన్నెలోంచే మీరూ తీసుకుంటామంటే కుదరదు. తాలింపు, కూరగాయ వేగడం వరకు ఒకటే మూకుడు. కారం వేసేముందు నా వాటా వేరే గిన్నెలోకి తీసేస్తాను. పని పెరిగేది ఐదు నిమిషాలే.

ఎక్కువసార్లు చేసే బీరకాయ గుడ్డు ఎలా చేస్తానో చెబుతాను. లేత బీరకాయలు 400 గ్రాములు, చెక్కు మరీ నున్నగా తీయకుండా కొంచెం పచ్చదనం ఉంచి చిన్న ముక్కలు కోయాలి. ఒక ముక్క నాలిక మీద పెట్టుకుని చేదు చూడడం మర్చిపోవద్దు. మూకుట్లో రెండు చెంచాల వేరుశనగ నూనె, జీలకర్ర, చితక్కొట్టిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, రెండు పచ్చిమిరపకాయలు. ముక్కలు వేసి ఉప్పు చల్లితే బీరకాయ నీళ్లు ఊరతాయి. మూత పెట్టకండి, మంట తగ్గించకండి. ఆ నీళ్లు ఇగిరిపోయి నూనె మళ్లీ చిటపటలాడడం వినిపించాలి. అప్పుడు ముక్కలను అంచులకు నెట్టి మధ్యలో మూడు గుడ్లు కొట్టి పోయాలి. ఒక నిమిషం గరిటె ముట్టుకోవద్దు. వెంటనే కలిపితే గుడ్డు పొడిపొడిగా అయిపోయి కూరలో కనిపించకుండా పోతుంది. అడుగు గట్టిపడ్డాక పెద్ద ముక్కలుగా తిరగేసి, పచ్చికొబ్బరి కోరు రెండు చెంచాలు, కొత్తిమీర వేసి దించాలి. గుడ్డుకి 6 గ్రాముల చొప్పున మాంసకృత్తులు 18 గ్రాములు, కడుపు నిండా కూర.

మాంసకృత్తుల మాట మరవకండి. కీటో అంటే నెయ్యి తాగడమని కొందరి భ్రమ. గుడ్డు, చేప, కోడి, పనీర్ ఏదో ఒకటి పూటపూటకూ ఉండాలి. లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, మెట్లెక్కితే తెలిసిపోతుంది. శాకాహారులకు ఇది కష్టమే, ఉన్న మాట. కార్తీకమాసంలో మా ఇంట్లో నీచు వండరు, మా అత్తయ్యగారికి పట్టింపు. ఆ నెలంతా పనీర్, గట్టి పెరుగు, వేరుశనగలు, నువ్వుల పొడి, మీల్‌మేకర్. మీల్‌మేకర్ ఎండుది 30 గ్రాములు వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి తోటకూరలో వేస్తే పూటకి సరిపోతుంది, పీచు తీసేస్తే పిండిపదార్థం సుమారు 6 గ్రాములే.

ఇంకో వెలితి గురించి ఎవరూ ముందుగా చెప్పరు. కంచం ముందు కూర్చుంటే వేళ్లు కలుపుకోవడానికి ఏదో వెతుకుతాయి. కూరను చెంచాతో తింటే కడుపు నిండుతుంది కానీ భోంచేసినట్టుండదు. దీనికి కాలీఫ్లవర్ పనికొస్తుంది. పువ్వును ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లలో ఉంచి, పురుగు లేకుండా చూసి, బట్టమీద తడి ఆరేదాకా ఆరబెట్టి, కొబ్బరికోరులా తురమండి. తడి ఉంటే ముద్దయిపోయి ఉడికిన వాసనొస్తుంది. మూకుట్లో చెంచా నెయ్యి వేసి, మూత లేకుండా, చుక్క నీళ్లు పోయకుండా నాలుగైదు నిమిషాలు వేయిస్తే చాలు. గోంగూర మాంసం, కోడి పులుసు ఇందులో కలుపుకోవచ్చు. నాకు మాత్రం పెరుగులోకే ఇష్టం. చల్లారాక గట్టి పెరుగు కలిపి, ఆవాలు, మిరియాలు, అల్లం, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెడితే దద్దోజనం తిన్నంత తృప్తి. చివర పెరుగు ముద్ద లేకపోతే మా ఇంట్లో భోజనం అయినట్టు ఎవరూ ఒప్పుకోరు.

పొద్దున్న ఇడ్లీ, దోశ, పెసరట్టు ఏవీ కుదరవు. రెండు గుడ్ల అట్టులో కరివేపాకు, మిరియాలు వేసి, వేరుశనగ పచ్చడి నంజుకుంటాను. పుట్నాలపప్పు కలపని పచ్చడి.

మొదటి వారం

తలనొప్పి, నీరసం, చిరాకు, కాళ్లు లాగడం. ఇంట్లోవాళ్లు ఇదంతా అన్నం మానేసినందుకే అంటారు. సగం నిజమే. ఇన్సులిన్ తగ్గేసరికి కిడ్నీలు ఉప్పును, దానితోపాటు నీళ్లను ఎక్కువగా బయటికి పంపేస్తాయి. మొదటి వారం బరువు గబగబా తగ్గేది చాలావరకు ఈ నీళ్లే, కొవ్వు తగ్గిందని పొంగిపోవద్దు. మధ్యాహ్నం పలుచని మజ్జిగలో ఉప్పు, నిమ్మరసం, కరివేపాకు నలిపి వేసి ఒక పెద్ద గ్లాసు తాగితే గంటలో తల తేలికపడేది నాకు. మాంసం తినేవాళ్లు ఎముకల సూప్ తాగొచ్చు. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు మాత్రం ఈ ఉప్పు సంగతి డాక్టరుని అడగాల్సిందే. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తే ఆకుకూరలు, గింజలు పెంచండి.

నోరు వాసన వస్తుంది, గోళ్లరంగు చెరిపే మందు వాసనలాగా. అది అసిటోన్, కీటోన్లలో ఒకటి. మెడ చుట్టూ టేపు పెట్టి కొలత తీసుకునే పని నాది, ఎదుటివాళ్ల ముఖం జానెడు దూరంలో ఉంటుంది. సోంపు, లవంగం ఎప్పుడూ కుట్టుమిషన్ డ్రాయర్లో పెట్టుకునేదాన్ని. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూరలు, అవిసెగింజల పొడి. అప్పటికీ తెమలకపోతే రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్.

మూత్రంలో ముంచి చూసే కీటోన్ స్ట్రిప్పులు కొనకండి అంటాను. కొన్నివారాలకు రంగు సరిగ్గా చూపవు. ఆ డబ్బుకు చేపలొస్తాయి.

పెళ్లిళ్లు, చుట్టాలు

బంతిలో కూర్చుంటే ఆకులో ముందు స్వీటు పడుతుంది. వద్దంటే వడ్డించేవాళ్లు వినరు, పక్కవాళ్లు ఊరుకోరు. "షుగర్" అన్న ఒక్క మాట చాలు, అందరూ తప్పుకుంటారు. "డైట్" అని మాత్రం అనొద్దు, ఆ మాటంటే ఇంకో రెండు బూరెలు వేస్తారు. గుత్తివంకాయ, వేపుడు, పెరుగుచట్నీ అడిగి రెండుసార్లు వేయించుకోండి. ఇంట్లోనే రెండు ఉడికించిన గుడ్లు తినేసి వెళ్తే ఆకలి చూపులు ఉండవు. ఉగాది పచ్చడి ఒక చెంచా తింటాను, దానికి లెక్క చూడను.

మా అత్తయ్యగారు కొన్నాళ్లు "అన్నం మీద అలిగినట్టు ఇదేం తిండే అమ్మాయ్" అని సణిగారు. ఆవిడతో వాదించలేదు. నా బీరకాయ కూర ఒక గిన్నె ఆవిడ పక్కన పెట్టాను. ఇప్పుడు ఆవిడ కూర ఎక్కువ, అన్నం తక్కువ తింటున్నారు, కారణం మాత్రం పళ్ల నొప్పి అంటారు.

టేపు, రక్తపరీక్ష

బరువు మెషిన్ రోజూ ఎక్కొద్దు. టేపు వాడండి. చీర కట్టుకునే చోట కాదు, కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక, టేపు ఒంటిని నొక్కకుండా. మన దేశంలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే ప్రమాదం కింద లెక్క. అంటే సుమారు 31న్నర, 35న్నర అంగుళాలు. నా నడుము 38 నుంచి 34కి వచ్చింది, ఇంకా దిగాలి. నా జాకెట్లన్నీ నేనే పక్కల పట్టుకుని కుట్టుకున్నాను. ఖర్చు లేని పని.

మూడు నెలల తర్వాత చేయించిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.3కి దిగింది. రక్తంలో ఉండే కొవ్వు, ట్రైగ్లిజరైడ్స్ అంటారు, అవి కూడా బాగా తగ్గాయి. కానీ చెడు కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 118 ఉన్నది 161 అయింది. కీటోలో కొందరికి ఇలా పెరుగుతుంది. "అది మంచి రకం కొలెస్ట్రాలే, పట్టించుకోకు" అని చెప్పేవాళ్లు నాకూ తగిలారు. మా డాక్టరుగారు పట్టించుకోమన్నారు, నేను ఆయన మాటే విన్నాను. నెయ్యి, కొబ్బరినూనె, వెన్న బాగా తగ్గించి వేరుశనగ, నువ్వుల నూనెల్లోకి మారాను. మాంసం బదులు చేపలు పెంచాను. పిండిపదార్థం కొంచెం సడలించాను. తర్వాతి పరీక్షకి 129. మీకు 161 రాకపోవచ్చు, 200 రావచ్చు. అందుకే మూడో నెల పరీక్ష ఎగ్గొట్టొద్దంటాను.

మళ్లీ అన్నం

కఠినమైన కీటో జన్మంతా చేయాలని నేననను, నేనూ చేయడం లేదు. ఇప్పుడు నాది రోజుకు 80, 90 గ్రాముల దగ్గర నడుస్తోంది. కీటో అని దీన్ని అనలేం, కానీ షుగర్ అదుపులోనే ఉంది. అన్నం తిరిగి తెచ్చుకునేటప్పుడు ఒక్కసారిగా పాత కంచానికి పోవద్దు. మధ్యాహ్నం ఒక్కపూట, చిన్న కప్పుతో కొలిచి, 100 గ్రాములు. ముందు కూర సగం తినేసి, గుడ్డో చేపో తిన్నాక, చివర్లో అన్నం. తిన్న రెండు గంటలకు మీటర్లో చూసుకోవాలి. మా డాక్టరుగారు నాకు 160 హద్దు పెట్టారు, మీ హద్దు మీ డాక్టరు చెబుతారు. దాటిందంటే మర్నాడు కప్పు కొంచెం వెలితిగా. పెసరపప్పు కట్టు, ఒక చిన్న గిన్నెడు, దీని తర్వాత తెచ్చుకోవచ్చు. ఇడ్లీ, ఉప్మా ఆఖరున, అవి నాకైతే అన్నం కంటే ఎక్కువ ఎగదోస్తున్నాయి.

మామిడి కాలంలో ఆ కప్పు అన్నం మానేసి, దాని బదులు బంగినపల్లి ముక్కలు 100 గ్రాములు తూచుకుంటాను, సుమారు 15 గ్రాముల పిండిపదార్థం. అన్నం, పండు రెండూ ఒకే పూట మాత్రం వద్దు. మామిడిపండు పెరుగన్నంలో నంజుకోవడం అసలే వద్దు.